గాయం తర్వాత 49 ఏళ్ల వయసులో గెలిచిన పిచర్

వయసు మళ్లాక గాయపడి తిరిగొచ్చిన బేస్‌బాల్ పిచర్లలో (క్రికెట్‌లో బౌలర్ల లాంటివాళ్లు) ఎవరి కథ గొప్పది, అంత కష్టపడి తిరిగి రావడం వల్ల ఒరిగేదేమిటి అని అడిగారు.

చాలామంది టామీ జాన్ పేరు చెబుతారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆయన ఎడమ మోచేతిలో తెగిన లిగమెంట్ (ఎముకలను కలిపే కట్టు) స్థానంలో, కుడి చేతి నుంచి తీసిన టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) అమర్చారు. ఆ తర్వాత ఆయన 164 మ్యాచ్‌లు గెలిచారు (బేస్‌బాల్‌లో జట్టు గెలుపును ఒక పిచర్ ఖాతాలో వేస్తారు). ఆ శస్త్రచికిత్సకు ఆయన పేరే స్థిరపడింది. కాని అప్పటికి ఆయనకు 31 ఏళ్లే. నా ఓటు మాత్రం జేమీ మోయర్‌కు.

నేను 2000లో ఉద్యోగం కోసం సియాటెల్ చేరాను. మరుసటి ఏడాది అక్కడి బేస్‌బాల్ జట్టు మెరైనర్స్ 116 మ్యాచ్‌లు గెలిచింది. ఊరంతా ఆ జట్టులోని జపాన్ బ్యాటర్ ఇచిరో జపమే. నేనూ ఇచిరో కోసమే స్టేడియానికి వెళ్తే, ఆ రోజు పిచర్‌గా మోయర్ దిగారు. స్కోరుబోర్డు మీద వేగం గంటకు 82 మైళ్లు అని పడగానే పక్కనున్న మిత్రుడు నవ్వాడు: "మన శ్రీనాథ్ ఇంతకంటే వేగంగా వేస్తాడు కదరా!" నిజమే. అయినా బ్యాటర్లు గాలిని కొట్టి వెనక్కి వెళ్తున్నారు. మోయర్ ఆయుధం ఛేంజప్. చేయి ఊపులో ఏ తేడా కనబడదు, బంతి మాత్రం ఆలస్యంగా వస్తుంది. ఆలోపే బ్యాటర్ బ్యాటు తిప్పేసి ఉంటాడు. ఆ ఏడాది ఆయన 20 మ్యాచ్‌లు గెలిచారు. నేను ఇచిరోను మరిచిపోయాను అనను గాని, ఆ తర్వాత టికెట్లు మోయర్ ఆడే రోజు చూసుకునే కొనేవాణ్ని.

ముప్పయ్యేళ్లు నిండేనాటికి ఆయన గెలిచినవి 34 మ్యాచ్‌లే. 1992లో కబ్స్ జట్టు ఆయన్ను వదిలేసి, కావాలంటే కోచ్ ఉద్యోగం ఇస్తామంది. ఆయన వద్దన్నారు. కెరీర్ మొత్తంలో 269 గెలుపులు, అందులో 105 నలభై దాటాక వచ్చినవి. ప్రత్యర్థులకు 522 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) ఇచ్చిన రికార్డు కూడా ఆయనదే. దీన్ని వెక్కిరించేవాళ్లున్నారు. అన్ని హోమ్ రన్లు ఇవ్వాలంటే అన్నేళ్లు జట్టులో ఉంచుకునేవాళ్లు దొరకాలి కదా!

2010 మేలో, 47 ఏళ్ల వయసులో, అట్లాంటా జట్టుకు ఒక్క పరుగూ ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం తానే ముగించారు. జూలైలో మోచేయి దెబ్బతింది. ఆ శీతాకాలం డొమినికన్ రిపబ్లిక్‌లో మళ్లీ విసిరి చూస్తే పరిస్థితి విషమించింది. డిసెంబరులో శస్త్రచికిత్స జరిగింది, 2011 మొత్తం ఆట లేదు.

సరిగ్గా ఆ ఏడాదే నా భుజం కండర బంధం చిరిగింది. వారాంతాల్లో ఆఫ్ స్పిన్ వేసేవాణ్ని, వయసు 41. ఆపరేషన్ తర్వాత నొప్పి కంటే విసుగే చంపింది. గోడ మీద వేళ్లను సాలీడులా పైకి పాకించడం, టవల్ పట్టుకుని చేయి ఊపడం, రోజూ అదే. నాలుగో నెలలో ఆగలేక నెట్స్‌లో ఒక ఓవర్ వేసి మరో రెండు నెలలు వెనక్కి పోయాను. తప్పు పూర్తిగా నాదే. నా కోసం కనీసం పదిమంది మిత్రులు ఎదురుచూస్తున్నారు. 48 ఏళ్ల మోయర్‌కు మాత్రం చేతిలో ఒప్పందమైనా లేదు.

2012 ఏప్రిల్ 17న డెన్వర్‌లో కొలరాడో రాకీస్ తరఫున శాన్ డియాగోపై, మ్యాచ్‌లో ఉండే తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఏడు విసిరారు. ఒక్క బంతి కూడా 80 మైళ్లు దాటలేదు. జట్టు 5-3తో గెలిచింది. 49 ఏళ్ల 151 రోజుల వయసులో, అతి పెద్ద వయసులో గెలిచిన పిచర్‌గా 1932 నుంచి నిలిచిన జాక్ క్విన్ రికార్డును తుడిచేశారు. ఆ జట్టులోని క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) విలిన్ రొసారియో పుట్టింది 1989లో, మోయర్ అరంగేట్రం 1986లో. నేను ఆ మ్యాచ్‌ను టీవీలో, భుజానికి ఐస్ పెట్టుకుని చూశాను.

తర్వాత కథ సినిమాలా సాగలేదు. మేలో ఇంకొక్క గెలుపు, మొత్తం రెండు గెలుపులు, అయిదు ఓటములు. అమెరికాలో వేసవి రాకముందే రాకీస్ ఆయన్ను వదిలేసింది. ఒరిగిందేమిటి అంటే ఆ రెండు గెలుపులే. నాకైతే అవి చాలు, ఆయనకు చాలాయో లేదో మరి.

నేను పదమూడు నెలలకు మైదానంలోకి దిగాను. మొదటి బంతిని ఒక కుర్రాడు సిక్సర్ కొట్టాడు. రెండోది ఇంకా నెమ్మదిగా వేశాను.