స్కౌట్ క్యాంపుకి తోడు వెళ్తే నా బాధ్యత ఎంతవరకు?

కాలనీ పిల్లల్ని మూడు రోజుల క్యాంపుకి తీసుకెళ్తూ మిమ్మల్నీ తోడు రమ్మన్నారు. "స్కౌట్ మాస్టారు ఉంటారు కదా, నాకేం బాధ్యత?" అని అడిగారు. మాస్టారికి ఎంతో మీకూ అంతేనండీ. తొమ్మిదేళ్లు ఇలా పిల్లల వెంట వెళ్లాను కాబట్టి చెబుతున్నాను.

నా మొదటి క్యాంపు కృష్ణ ఒడ్డున. పిల్లలు 26 మంది, పెద్దవాళ్లం ముగ్గురం. స్నానాలయ్యాక లెక్కపెడితే 25 మందే ఉన్నారు. రేవంతా అరుచుకుంటూ పరిగెత్తాం. తీరా చూస్తే వాడు గట్టు మీద పుల్ల ఐస్ కొనుక్కుంటున్నాడు. మాలో ప్రతి ఒక్కరం, మిగతా ఇద్దరూ చూస్తున్నారులే అనుకున్నాం. మర్నాటి నుంచి ఎవరు ఏ పిల్లల్ని చూసుకోవాలో పేర్లు రాసి పంచుకున్నాం. పిల్లల్ని జోడీలు కట్టించి, నీళ్లలోకి దిగేముందు ఒకసారి, ఎక్కాక ఒకసారి లెక్కపెట్టేవాళ్లం. ఒకరు ఫోన్ ముట్టుకోకుండా ఒడ్డునే నిలబడేవారు.

అంతకంటే కష్టమైన సంగతి మరొకటుంది. మేమంతా గౌరవించే ఒక పెద్దాయన ఒకే కుర్రాణ్ణి రోజూ తన బండి మీద ఇంటి దగ్గర దింపేవాడు. వాడికి ఫోన్ కూడా కొనిచ్చాడు. నాకు తేడాగా అనిపించింది. అయినా రెండు వారాలు నోరు విప్పలేదు. నా అనుమానం తప్పైతే ఆయన పరువు ఏమవుతుందని భయపడ్డాను. ఆ పిల్లాడి గురించి భయపడాల్సింది. చివరికి వాళ్లమ్మకి చెప్పాను. ఆవిడ దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే వాడు ఏడుస్తూ అంతా చెప్పాడట. పోలీసు కేసయింది. ఆ రెండు వారాల్లో ఏం జరిగిందని ఆవిడని అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ల లోపు అందరికీ వర్తిస్తుంది. లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పాలని 19వ సెక్షన్ అంటుంది. జరిగిందని తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా, సంస్థ బాధ్యులైతే ఏడాది దాకా జైలు. రుజువులు వెతకడం మీ పని కాదు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసులు ఉండవని కూడా అందులోనే రాసుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళప్పుడైనా చేయొచ్చు.

బయలుదేరే ముందే మాస్టారిని కొన్ని అడగండి. రాత్రి పెద్దవాళ్లు ఎక్కడ పడుకుంటారు? ఆడపిల్లలతో ఆడవాళ్లు ఎవరు వస్తున్నారు? ఏ పెద్ద మనిషీ ఒక్క పిల్లాడితో ఒంటరిగా, ఎవరికీ కనపడని చోట ఉండకూడదన్న నియమం, ఆయనతో సహా అందరికీ ఉందా? అసలైన మాస్టారైతే ఇవి అడిగినందుకు సంతోషిస్తారు. చిన్నబుచ్చుకుంటే మాత్రం మీరు వెళ్లకండి, మీ పిల్లల్నీ పంపకండి. మిగతా తల్లిదండ్రులకీ ఆ మాట చెప్పండి.