గాండీవం బరువెక్కిన రోజు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. ద్వారక సముద్రంలో కలిసిపోయాక, దిక్కులేని యాదవ స్త్రీలను వెంటబెట్టుకుని వస్తున్న అర్జునుడిని దారిదోపిడీగాళ్లు చుట్టుముట్టిన ఘట్టం అది. నీ వయసులో దాని జోలికి వెళ్లడానికి ధైర్యం కావాలి. నేను నీ వయసులో ఉన్నప్పుడు అంపశయ్య మీద భీష్ముడి గురించి దీర్ఘ కవిత రాసి ఒక పత్రికకు పంపాను. సంపాదకుడు దాని అంచున ఒక్క వాక్యం రాసి తిప్పి పంపాడు: "ఈ ముసలాయన మీ తాతగారిలా ఉన్నాడు, భీష్ముడిలా లేడు." నెల రోజులు కోపంతో ఉడికిపోయాను. ఆయన మాట నిజమని ఒప్పుకోవడానికి మరో పదేళ్లు పట్టింది.

ఇప్పుడు నీకు అదే మాట చెప్పబోతున్నాను కనుక ముందే క్షమించు. నీ కథ పద్నాలుగు పేజీల్లో అర్జునుడి చేతులు తొమ్మిదిసార్లు వణికాయి. లెక్కపెట్టాను. నెరిసిన గడ్డం నాలుగుసార్లు గాలికి ఊగింది. మోకాళ్లు రెండుసార్లు నొప్పి పెట్టాయి. ఇవన్నీ ముసలితనం లక్షణాలే, కాదనను. కానీ ఇవి ఏ ముసలివాడివైనా కావచ్చు. అర్జునుడి ముసలితనం అర్జునుడిదే అయ్యి ఉండాలి.

మహాభారతంలో ఈ ఘట్టం ఉన్న మౌసలపర్వం మళ్లీ ఒకసారి తీసి చూడు. అక్కడ చేతులు వణకవు. ఆభీరులనే ఆ దొంగలు కర్రలు పట్టుకుని మీదికి వస్తారు. విలుకాడు ఒక్కడే ఉన్నాడు, వెంట ఇంతమంది స్త్రీలూ పిల్లలూ ముసలివాళ్లూ ఉన్నారు, దోచుకోవడం సులువని వాళ్ల ధైర్యం. అర్జునుడు మొదట నవ్వి, ప్రాణాల మీద ఆశ ఉంటే వెళ్లిపొమ్మంటాడు. వాళ్లు వినరు. అప్పుడు గాండీవం ఎక్కుపెట్టబోతాడు, అది ఎంతో కష్టం మీద ఎక్కుతుంది. దివ్యాస్త్రాలను తలచుకుంటాడు, అవి స్ఫురించవు. ఎన్ని వాడినా తరగని తూణీరాల్లో బాణాలు అయిపోతాయి. చివరికి వింటి కొనతో దొంగలను కొట్టడం మొదలుపెడతాడు.

ఈ వరుసను గమనించావా? ఎదుటివాళ్ల చేతుల్లో ఉన్నవి కర్రలు. వాటికి ఎదురుగా ఖాండవదహనం నాడు వరుణుడి దగ్గర నుంచి అగ్ని తెచ్చి ఇచ్చిన ధనుస్సు. కొన్ని శ్లోకాలు గడిచేసరికి అదీ కర్రే అయిపోయింది. ఇక అక్కడ ఉన్నవాళ్లంతా కర్రలు పట్టినవాళ్లే. వ్యాసుడు ఎక్కడా "అయ్యో, ముసలివాడైపోయాడు" అనలేదు. విల్లును కర్రను చేసి ఊరుకున్నాడు. అక్కడే ఇంకో మాట కూడా అన్నాడు: స్త్రీలలో కొందరిని దొంగలు ఈడ్చుకుపోయారు, మరికొందరు తమ ఇష్టంతోనే వాళ్ల వెంట వెళ్లారు. నీ కథలో ఈ రెండో ముక్క వదిలేశావు. ఎందుకు వదిలేశావో నాకు తెలుసు. నీకు అర్జునుడి మీద జాలి వేసింది. కథకుడికి జాలి వేస్తే చెప్పవలసినవి చెప్పకుండా దాటేస్తాడు.

అస్త్రాలు గుర్తుకు రాకపోవడం గురించి ఒక్క మాట. నాకు డెబ్బై దాటాయి. చేయి ఇంకా స్థిరంగానే ఉంది, ఈ ఉత్తరం చూస్తే నీకే తెలుస్తుంది. కానీ నలభై ఏళ్లుగా ఎరిగిన మనిషి గుమ్మంలో నిలబడి పలకరిస్తే ఒక్కోసారి పేరు అందదు. నాలుక చివరే ఉంటుంది, రాదు. ఆ క్షణంలో కలిగేది బాధ కాదు, సిగ్గు. మౌసలపర్వంలో అర్జునుడి గురించి వ్యాసుడు వాడిన మాట కూడా అదే: సిగ్గుపడ్డాడు. మోకాళ్ల నొప్పి తీసేసి దీన్ని పెట్టు.

అసలు ముసలితనం అంటే శక్తి తగ్గడమేనని ఎవరు చెప్పారు? ద్రోణుడికి 85 ఏళ్లని ద్రోణపర్వం అంటుంది. మూలంలోని మాటను మరోలా విరిచి 400 ఏళ్లని లెక్కగట్టినవాళ్లూ ఉన్నారు, ఆ తగాదా మనకెందుకు. చెవుల దాకా నెరిసిన జుట్టుతో పదహారేళ్ల కుర్రవాడిలా యుద్ధంలో తిరిగాడట. ఆయన్ని పడగొట్టింది వయసు కాదు, కొడుకు చచ్చిపోయాడన్న మాట. ఆంగ్లేయుల ప్రాచీన కావ్యంలో బేవుల్ఫ్ సంగతి ఇంకా విచిత్రం. యౌవనంలో గ్రెండెల్ అనే రాకాసిని వట్టి చేతులతో చంపినవాడు. 50 ఏళ్లు రాజ్యం చేశాక అగ్ని కక్కే మహాసర్పం మీదికి వెళ్లేటప్పుడు ఇనుప డాలు ప్రత్యేకంగా చేయించుకుంటాడు. ఆ డాలులో ఉంది అతని వయసంతా. పోరులో ఖడ్గం విరిగిపోతుంది. బలం చాలక విరిగిందనుకుంటాం. కాదు, అతని చేతి బలానికి ఏ కత్తీ ఆగేది కాదని కవి అంటాడు. వృద్ధ వీరుడి కత్తి బలం ఎక్కువై విరగడం! ఆ ఊహ నాకు తట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవాణ్ణి కాదు.

అలాగని దేహం గురించి రాయవద్దని కాదు నా ఉద్దేశం. భగదత్తుణ్ణి గుర్తు చేసుకో. ద్రోణపర్వం కొన్ని ప్రతుల్లో ఉంది ఇది. ప్రాగ్జ్యోతిషపు ముసలిరాజు, ఏనుగు మీద నుంచి యుద్ధం చేసేవాడు. ముడతలు పడిన కనురెప్పలు కళ్ల మీదికి వాలిపోతాయని నుదుటికి పట్టీ కట్టుకుని వాటిని పైకి ఎత్తి ఉంచుకునేవాడు. కృష్ణుడు ఆ సంగతి చెప్పగానే అర్జునుడు బాణంతో పట్టీని కోస్తాడు. రెప్పలు వాలి లోకం చీకటైపోతుంది. అక్కడ ముడత అలంకారం కాదు, కథ దాని మీదే తిరుగుతుంది. నీ అర్జునుడి నెరిసిన గడ్డం తీసేస్తే నీ కథలో ఏం మారుతుంది? ఏమీ మారదు. అయితే తీసెయ్యి.

ఇందులో మరో మెలిక ఉంది, నీ కథకు అది పనికి రావచ్చు. ఆ పట్టీని కోసినవాడు అర్జునుడే. ఒక వృద్ధుడి బలహీనత చూసి కొట్టినవాడు, 36 ఏళ్లు గడిచాక తానే ఆ స్థానంలో నిలబడ్డాడు. దొంగలు అతనిలో చూసింది కూడా అలాంటిదే ఏదో.

ఇక నీ కథకు అసలు వెన్నెముక గాండీవం కావాలి. నేనైతే దాని వెంటే నడుస్తాను. ఆ విల్లు చేతిలో నుంచి జారడం మౌసలంతో మొదలు కాలేదు. కురుక్షేత్రంలో తొలిరోజే "గాండీవం చేతిలోంచి జారిపోతోంది" అన్నాడు, అది శోకం. తరువాత అశ్వమేధపు గుర్రం వెంట తిరిగేటప్పుడు త్రిగర్తుల కుర్రవాడు ధృతవర్మ ఎదురు నిలిచాడు. వాడి హస్తలాఘవం చూసి అర్జునుడికి లోలోపల ముచ్చటేసింది, చంపబుద్ధి కాక మెత్తగా పోరాడాడు. వాడు చేతి మీద కొట్టాడు. గాండీవం నేల మీద పడింది. కుర్రవాడు పకపకా నవ్వాడు. అర్జునుడు చేతి నెత్తురు తుడుచుకుని విల్లు మళ్లీ తీసుకున్నాడు. నా మటుకు నాకు అతని వార్ధక్యం మొదలైంది అక్కడ. ఎదుటి కుర్రవాడి నేర్పు చూసి ఈర్ష్య బదులు ముచ్చట కలిగిందంటే వయసు మళ్లుతున్నట్టే. కొద్ది రోజులకే మణిపురంలో కొడుకు బభ్రువాహనుడి బాణానికి కూలి, నాగకన్య అయిన భార్య ఉలూపి తెచ్చిన మణితో లేచాడు. మనం దాన్ని సినిమా కథలా చెప్పుకుంటాం గానీ, కొడుకు చేతిలో ఓడి లేచిన తండ్రి మరునాడు విల్లు ఎలా పట్టుకుని ఉంటాడో ఎవరూ రాయలేదు.

మౌసలం మూడోసారి. నాలుగోసారి మహాప్రస్థానం. నార బట్టలు కట్టి, రాజ్యం మనవడికి అప్పగించి అన్నదమ్ములంతా బయలుదేరారు. అన్నీ వదిలేశారు. అర్జునుడు మాత్రం గాండీవం వదల్లేదు. రత్నం మీద ఉండే లోభం లాంటిదట, "రత్నలోభం" అన్నాడు కవి. బాణాలు లేవు, అస్త్రాలు రావు, ఎక్కుపెట్టడమే కష్టం, అయినా మోసుకుపోతున్నాడు. దారిలో అగ్ని ఎదురై, దాని పని అయిపోయింది, వరుణుడికి తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. అన్నదమ్ములు కూడా చెప్పారు. నీళ్లలో పడేశాడు.

ఇక్కడ కర్ణపర్వం పక్కన పెట్టి చదువు. అప్పట్లో ధర్మరాజు కోపంలో "గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్యి" అన్నందుకు అన్న మీదే కత్తి దూశాడు, అలా అన్నవాడిని చంపుతానని అతనికి వ్రతం ఉండేది. కృష్ణుడు ఆపకపోతే ఏమయ్యేదో. అదే మనిషి ఇప్పుడు నోరెత్తకుండా నీళ్లలో పడేశాడు. మధ్యలో ఆ మనిషికి ఏమైందో చెప్పడానికి నీకు పద్నాలుగు పేజీలు అక్కర్లేదు, ఈ రెండు దృశ్యాలు పక్కపక్కన చాలు.

ఇదంతా ఎందువల్ల జరిగిందన్నది నువ్వు తేల్చేశావు: వయసు. భాగవతంలో అర్జునుడు వేరే కారణం చెబుతాడు. అదే రథం, అవే గుర్రాలు, అదే విల్లు, అవే బాణాలు, కృష్ణుడొక్కడు లేకపోయేసరికి బూడిదలో పోసిన నెయ్యిలా, చౌడు నేలలో చల్లిన విత్తనాల్లా అయిపోయాయంటాడు. పోతన పద్యంలో అది చదివితే గొంతు పట్టేస్తుంది. మౌసలంలో వ్యాసుడు కాలం అంటాడు, వచ్చిన పని ముగిసింది గనుక అస్త్రాలు వచ్చిన చోటికే వెళ్లిపోయాయని అంటాడు. కథకురాలిగా నీకు ఏది కావాలో నువ్వు ఎంచుకో. కానీ తేల్చకుండా వదిలే దారి కూడా ఒకటుందని మరిచిపోకు. స్నేహితుడు పోయాక బలం పోయిందో, బలం పోయే వయసులోనే స్నేహితులు పోతారో, నాకైతే ఇప్పటికీ తెలియదు.

వృద్ధ వీరులందరూ ఇలాగే కుంగిపోరు. కిష్కింధాకాండ చివర సముద్రం ఒడ్డున వానరులు ఎవరెంత దూరం దూకగలరో చెప్పుకుంటూ ఉంటారు. జాంబవంతుడి వంతు వస్తుంది. త్రివిక్రముడు లోకాలు కొలిచిన నాడు ఆయన చుట్టూ ప్రదక్షిణం చేసి వచ్చినవాడు. "మేము ఇప్పుడు వయసు అవతలి గట్టు చేరుకున్నాం" అంటాడు. సముద్రపు అవతలి గట్టు చేరలేక అందరూ తలలు పట్టుకున్న చోట వాల్మీకి ఆ మాట అనిపించాడు చూడు! 90 యోజనాలు దూకగలను, 100 కావాలి, చాలదు అని లెక్క చెబుతాడు. ఏడుపు లేదు, గొప్పలు లేవు. తరువాత ఒక పక్కన మౌనంగా కూర్చున్న హనుమంతుడి వైపు తిరిగి, నువ్వెవరివో తెలుసా అని మొదలుపెడతాడు. అర్జునుడు తన అస్త్రాలను మరిచిపోయాడు. జాంబవంతుడు ఇంకొకరి బలాన్ని గుర్తుపెట్టుకున్నాడు. జ్ఞాపకం ఒకచోట వీరుడిని వదిలిపెట్టింది, ఒకచోట అదే అతనికి మిగిలిన ఆయుధమైంది.

ఈ రెంటికీ మధ్య నిలబడేవాడు పారసీక ఇతిహాసం షానామాలోని వీరుడు రుస్తుం. జాషువా కావ్యం వల్ల దాన్ని రాసిన కవి ఫిరదౌసి మనకు పరాయివాడు కాదు. ఆయన షానామా ముగించిన 1010 నాటికి దాదాపు డెబ్బై ఏళ్లవాడు. బహుశా అందుకే ముసలి రుస్తుం అంత సజీవంగా ఉన్నాడు. యువరాజు ఇస్ఫందియార్ తండ్రి ఆజ్ఞ మీద వచ్చి, సంకెళ్లు వేయించుకుని నాతో రా అంటాడు. రుస్తుం బతిమాలతాడు. విందుకు పిలుస్తాడు. సంకెళ్లు తప్ప ఏదైనా సరే, నీ వెంట రాజు దగ్గరికి వస్తానంటాడు. లోకాన్ని గడగడలాడించినవాడు ఒక కుర్రవాడితో బేరమాడుతున్నాడు! పోరు తప్పదని తెలిశాక గాయాలతో వెనుదిరిగి, సీముర్గ్ పక్షి చెప్పిన ఉపాయంతో కళ్లలోకి బాణం వేసి గెలుస్తాడు. ఆ గెలుపు తనకే శాపమని తెలిసి కూడా వేస్తాడు. కుర్రవాడు పరువు కోసం చంపుతాడు. ముసలివాడు పరువు పోతుందేమోనన్న భయంతో చంపుతాడు. తేడా సన్నదే గానీ అందులోనే కథంతా ఉంది.

నీ కథలో బాగున్న చోటు చెప్పకపోతే పాపం. దొంగలు వెళ్లిపోయాక, మిగిలిన స్త్రీలలో ఒకామె వచ్చి అర్జునుడికి నీళ్లిస్తుంది, ఆయన మొహం చూడకుండా. ఆ ఒక్క వాక్యం కోసం మిగతాదంతా భరించాను. దాన్ని ముట్టుకోకు. దాని ముందున్న పేజీన్నర ఆవేదన కొట్టెయ్యి.

ఒక సందేహం మిగిలింది. యుద్ధం ముగిశాక పుట్టిన పరీక్షిత్తుకు ఆ రోజుకి దాదాపు 36 ఏళ్లు ఉండాలి. అభిమన్యుడి కొడుకు. గాండీవం కథలు వింటూ పెరిగినవాడు. అర్జునుడు హస్తినకు తిరిగి వచ్చి జరిగినదంతా ధర్మరాజుకు చెప్పాడని ఉంది. ఆ గదిలో మనవడు ఉన్నాడా? ఉంటే, తాత "వింటి కొనతో కొట్టాను" అన్నప్పుడు ఎటు చూశాడు?

అది రాసి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి