పెరట్లో కుక్క, కోడి, వాన: మూడింటికీ మూడు బిల్లులు

అడిగిన ప్రశ్న ఇది: "కొత్త లైఫ్ సిమ్యులేషన్ గేములు (బొమ్మ మనుషుల్ని పెట్టి ఇల్లూ సంసారం నడిపే ఆటలు) పాతవాటికంటే పెట్టిన డబ్బుకి గిట్టుబాటవుతాయా? భీమవరంలో ఉంటాను, 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్ ఉంది. సిమ్స్ 4 ప్యాకులు కొనాలా, ఇన్‌జోయ్ కొనాలా?"

రెండూ వద్దండి. ఇన్‌జోయ్ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. 2025 మార్చి 28న ఎర్లీ యాక్సెస్‌లో (అంటే పూర్తి కాకముందే అమ్మకానికి) వచ్చినప్పుడు అది అడిగిన కనీస సరంజామా ఆర్‌టీఎక్స్ 2060 గ్రాఫిక్స్ కార్డు, 12 జీబీ ర్యామ్. మీ లాప్‌టాప్ దాని గుమ్మం కూడా తొక్కలేదు. గేము ధర 39.99 డాలర్లే అనుకుంటారు గానీ, దాని కోసం కొనే కొత్త లాప్‌టాప్ కూడా ఆ బిల్లులో కలపాలి కదా.

సిమ్స్ 4 దగ్గరే అందరూ జారిపోయేది. అసలు గేము 2022 అక్టోబరు 18 నుంచి ఉచితం. ఇల్లు ఊరికే రాసిచ్చి, తలుపులకీ కిటికీలకీ విడిగా డబ్బు వసూలు చేసే బేరం అది. ఆ తలుపులూ కిటికీలే ప్యాకులు: విడిగా కొని గేముకి తగిలించుకునే భాగాలు. నమ్మకపోతే మన వైపు మామూలు ఇల్లు ఒకటి కట్టి చూడండి. ముందు అరుగు, వెనక పెరడు, పెరట్లో ఓ కుక్క, నాలుగు కోళ్ళు, ఒక ఆవు (గేదెని మాత్రం అడక్కండి), పైన ఓ వాన. అరుగు, పెరడు ఉచితంగానే వస్తాయి. కుక్క కావాలంటే క్యాట్స్ అండ్ డాగ్స్ ప్యాకు, 2017 నవంబరుది. వానకి సీజన్స్, 2018 జూన్. కోళ్ళకీ ఆవుకీ కాటేజ్ లివింగ్, 2021 జూలై. వచ్చినప్పటి ధర ఒక్కోటీ 39.99 డాలర్లు, మూడూ కలిపి 119.97. తగ్గింపులో సగం ధరకి దొరికినా అరవై డాలర్లు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే వారం రోజులు ఊరికే కురిసే చోట కూర్చుని, తెర మీద వాన కోసం నలభై డాలర్లు కట్టడమంటే నాకు మింగుడుపడదు.

పైగా ఈ కుక్కని సిమ్స్ అమ్మే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాళ్ళు అమ్మడం ఇది నాలుగోసారి. సిమ్స్ 1కి 2002లో, సిమ్స్ 2కి 2006లో, సిమ్స్ 3కి 2011లో, మళ్ళీ 2017లో. వానని మూడుసార్లు అమ్మారు: 2007, 2012, 2018. సరే, బొమ్మలు కొత్తగా గీశారు కాబట్టి అమ్ముకున్నారు అనుకుందాం. కానీ 2011 పెట్స్ ప్యాకులో కుక్క, పిల్లి, గుర్రం ఒకే పెట్టెలో ఉండేవి. సిమ్స్ 4లో గుర్రాన్ని విడదీసి 2023 జూలైలో హార్స్ రాంచ్ పేరుతో ఇంకో 39.99కి పెట్టారు. మధ్యలో 2018లో మై ఫస్ట్ పెట్ స్టఫ్ అని ఒకటి. అందులో పిల్లులకీ కుక్కలకీ వేసే బట్టలున్నాయి, కానీ అవి వెయ్యాలంటే ముందు క్యాట్స్ అండ్ డాగ్స్ కొని ఉండాలి. ప్యాకుకి ప్యాకు అన్నమాట.

సిమ్స్ 4ని వెనకేసుకొచ్చేవాళ్ళు ఉచిత అప్‌డేట్ల సంగతి ఎత్తుతారు. 2014 సెప్టెంబరులో వచ్చినప్పుడు అందులో ఈత కొలను లేదు, తప్పటడుగులు వేసే పిల్లలు లేరు. కొలను అదే ఏడాది నవంబరులో, పిల్లలు 2017 జనవరిలో వచ్చారు. ఆ రెండూ సిమ్స్ 3లో మొదటి రోజు నుంచీ ఉన్నవే. మన జేబులోది తీసి మనకే ఇస్తే దాన్ని కానుకంటారా?

ఇప్పుడు పాతవాటి లెక్క చూడండి. 2025 జనవరి 31న సిమ్స్ 2ని లెగసీ కలెక్షన్ పేరుతో మళ్ళీ అమ్మకానికి పెట్టారు. 8 ఎక్స్‌పాన్షన్లూ (పెద్ద ప్యాకులు) అందులోనే: కుక్కలు, వాన, కాలేజీ, దుకాణం పెట్టుకోవడం, అపార్టుమెంట్లు అన్నీ. ధర 29.99 డాలర్లు, అంటే సిమ్స్ 4 వానకన్నా పది డాలర్లు తక్కువకి సంసారం మొత్తం. ఇదే ఆటని 2014లో కొన్నాళ్ళు ఉచితంగా ఇచ్చారన్న కడుపుమంట ఒకటి ఉంది, దాన్ని పక్కన పెడదాం. అందులో ఫ్రిజ్ ఖాళీ అవుతుంది. సరుకులు నిండుకుంటే ఫోను చేసి తెప్పించుకోవాలి, లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. సిమ్స్ 4 ఫ్రిజ్ అక్షయపాత్ర. సరుకులు ఉంటేనే వంట అనే నిబంధన కావాలంటే అది కాటేజ్ లివింగ్ ప్యాకుతో వచ్చింది. ఫ్రిజ్ ఖాళీ కావడానికి కూడా డబ్బే!

ఒక జాగ్రత్త. ఎవరో ఇచ్చారనో చవగ్గా దొరికాయనో పాత సిమ్స్ 2 డిస్కులు తెచ్చుకోకండి. పాత డిస్కుల్లో వాడిన సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణని విండోస్ 10 నుంచి తీసేశారు. అసలు డిస్కు పెట్టినా గేము మొరాయిస్తుంది. లెగసీ కలెక్షనే దారి.

సిమ్స్ 3 (2009) వేరే రకం. ఊరంతా ఒకే ముక్కగా తెరిచి ఉంటుంది. మీ సిమ్ (ఆటలో మీ మనిషి) గుమ్మం దాటి పక్కింటికి, అక్కణ్ణుంచి లైబ్రరీకి నడిచిపోతుంటే మధ్యలో ఎక్కడా లోడింగ్ తెర రాదు. సిమ్స్ 4లో ఎదురింటి తలుపు తట్టాలన్నా లోడింగే. సోఫా గుడ్డ, గోడ, పంచె అంచు దేనికైనా నచ్చిన రంగూ డిజైనూ వేసుకునే పనిముట్టు కూడా ఇందులోనే ఉంది, సిమ్స్ 4లో దాన్ని తీసేశారు. కానీ సిమ్స్ 3 పాత మోటారు లాంటిది, పానా చేతిలో ఉండాలి. అది 32 బిట్ ప్రోగ్రాము. మీకు 8 జీబీ ఉన్నా 32 ఉన్నా అది వాడుకోగలిగేది 4 లోపే. ఊరు పెరిగేకొద్దీ ఆ నాలుగూ నిండి, సేవ్ చేసేటప్పుడు ఎర్రర్ 12 అంటుంది. అందుకని సేవ్ మీద నొక్కకుండా ప్రతిసారీ సేవ్ యాజ్‌తో కొత్త పేరు పెట్టండి, మధ్యమధ్య గేము మూసి తెరవండి. డాక్యుమెంట్స్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, దాని లోపల ద సిమ్స్ 3 ఫోల్డరులో పేరు చివర క్యాష్ (cache) అని ఉండే అయిదు ప్యాకేజీ ఫైళ్ళుంటాయి. గేము మూసి ఉన్నప్పుడు వాటిని చెరిపేస్తే చాలా నత్తనడకలు పోతాయి, ఫైళ్ళని అదే మళ్ళీ తయారుచేసుకుంటుంది. క్షణానికి గీసే ఫ్రేములకి (బొమ్మలకి) హద్దు లేదు కాబట్టి గ్రాఫిక్స్ కార్డు సెట్టింగుల్లో 60 దగ్గర కట్టెయ్యండి, లేకపోతే లాప్‌టాప్ పెనంలా కాలుతుంది. ఇంటెల్ 12వ తరం ప్రాసెసరైతే గేము తెరుచుకోకుండానే పడిపోవచ్చు, దానికి అభిమానులు చేసిన ఆల్డర్ లేక్ ప్యాచ్ (దిద్దుబాటు ఫైలు) ఉంది.

ఇంకొకటి. నీళ్ళూ పడవలూ చూసి, మన లంక గ్రామాల్లా ఉందని ఐలాండ్ పారడైజ్ ప్యాకు (2013) ఊళ్ళో కాపురం పెట్టకండి. పడవలకి దారి దొరక్క సిమ్స్ నీళ్ళలో ఇరుక్కుపోతారు, ఆ దారి లెక్కలు వేసుకుంటూ ఆట మొత్తం ఆగి ఆగి నడుస్తుంది. ప్యాకు కొనండి, కాపురం వేరే ఊళ్ళో పెట్టండి.

ఇదంతా చదివి పాతవే గొప్పవని నేనంటున్నానని అనుకోకండి. 1996 నాటి వ్యవసాయం ఆట హార్వెస్ట్ మూన్ ఈ రోజు ఎవరికీ కొనమని చెప్పను, ఎందుకంటే దాని బాటలో ఎరిక్ బరోన్ ఒక్కడే కూర్చుని చేసిన స్టార్‌డ్యూ వ్యాలీ (2016) దాన్ని దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో ఐదొందల రూపాయల లోపే. 2024 మార్చిలో వచ్చిన 1.6 వెర్షన్‌తో సహా పెద్ద అప్‌డేట్లన్నీ ఉచితం. కుక్క, కోళ్ళు, ఆవులు, వాన అన్నీ ఒకే ధరలో. కోళ్ళ గూటికి 4000 బంగారం, 300 కలప, 100 రాళ్ళు కావాలి, కోడి 800. ఇదీ బిల్లే, కాకపోతే ఆటలో సంపాదించిన డబ్బుతో కట్టేది.

మనవాళ్ళకి నచ్చేది అందులోని వరి. ఆటలో పియర్ అనే అతని కొట్లో నారు ఒక్కోటి 40 బంగారం, వసంతంలో నాటాలి, కొడవలితోనే కొయ్యాలి. నీటికి మూడు గళ్ళ లోపు నాటితే నీళ్ళు పోసే పనే లేదు, 6 రోజులకి కోత. నాలుగో గడి నుంచి మీరు శివారు రైతు: రోజూ నీళ్ళ క్యాను మొయ్యాలి, 8 రోజులు పడుతుంది. 28 రోజుల వసంతంలో ఒకటో తేదీన నాటితే నీటి పక్కన 7, 13, 19, 25 తేదీల్లో నాలుగు కోతలు. శివారులో 9, 17, 25న మూడే. చిక్కల్లా నారు దగ్గర. 13న ఆటలో ఎగ్ ఫెస్టివల్ అనే పండగ, 17 బుధవారం, రెండు రోజులూ పియర్ కొట్టు మూతే. ముందురోజే నారు తెచ్చి పెట్టెలో పెట్టుకోకపోతే పొలం ఆ రోజంతా ఖాళీ.

ఇక మీకు చెప్పేది: స్టార్‌డ్యూతో మొదలుపెట్టండి, సంసారం ఆట కావాలంటే సిమ్స్ 2 లెగసీ. సిమ్స్ 4 ఉచిత భాగం దించుకుని ఇళ్ళు కట్టుకోండి, ప్యాకుల పేజీ తెరవకండి. స్టీమ్‌లో కొన్నది నచ్చకపోతే 14 రోజుల లోపు, ఆడింది రెండు గంటలు దాటకుండా ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. మీ లాప్‌టాప్ మీద నడుస్తుందో లేదో ఆ రెండు గంటల్లో తేల్చుకోండి. అన్నట్టు స్టార్‌డ్యూలో మీ మనిషి పడుకుంటేనే సేవ్ అవుతుంది. లాప్‌టాప్ బ్యాటరీ దిగిపోయినదైతే, గాలివాన రోజుల్లో మనిషిని పెందరాళే పడుకోబెట్టండి.