కావాలని చేయకపోయినా రెడ్ కార్డు ఇవ్వాలా?

ఫుట్‌బాల్‌లో పొరపాటున జరిగిన ఫౌల్‌కు ఆటగాణ్ణి బయటికి పంపడం అన్యాయం కాదా అని అడిగారు. ఇరవై ఏళ్ల వయసులో నన్నడిగి ఉంటే ముమ్మాటికీ అన్యాయమే అనేవాణ్ణి. అప్పుడు అలా బయటికి వెళ్లినవాణ్ణి నేనే.

కాలేజీ మ్యాచ్. నేను లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ వైపు కాచుకునే డిఫెండర్‌ని. ముందు రాత్రి వానకు మైదానమంతా చిత్తడి. వాళ్ల వింగర్, అంటే అంచు వెంట దూసుకొచ్చే ఆటగాడు, బంతిని కాస్త దూరంగా తోసుకున్నాడు. అందుతుందనిపించి రెండు కాళ్లూ చాపి జారాను. బంతి ముందు నా కాలికే తగిలింది, అందులో అబద్ధం లేదు. కానీ తడి గడ్డి మీద నేను ఆగలేదు. బూటు అడుగున ఉండే గుబ్బలు, ఆ స్టడ్లు, వెళ్లి అతని షిన్ గార్డు మీద, అంటే మోకాలి కింద ఎముకకు అడ్డుగా పెట్టుకునే ప్లాస్టిక్ పలక మీద పడ్డాయి. ఆ ప్లాస్టిక్ పటుక్కున విరిగిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. ఎముకకు ఏమీ కాలేదు, వాడి అదృష్టం, నా అదృష్టం. "బంతికే కదండీ తగిలింది" అన్నాను రిఫరీతో. "నీ మనసులో ఏముందో నాకెందుకు బాబూ, నువ్వు వచ్చిన తీరు చూశాను" అన్నారాయన. పది మందితో ఆడి ఓడిపోయాం. వారం రోజులు ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

కొన్నేళ్లకు ఆదివారం మ్యాచ్‌లకు నేనే విజిల్ పట్టాల్సి వచ్చి నిబంధనలు చదివాను. పన్నెండో నిబంధనలో మెట్లు మూడు. అజాగ్రత్తగా ఆడితే ఫ్రీ కిక్‌తో సరి. ఎదుటివాడికి ఏమవుతుందో పట్టించుకోకుండా మీదికి వెళితే ఎల్లో, అంటే హెచ్చరిక కార్డు. మితిమీరిన బలం వాడినా, అవతలివాడి ఒంటికి ముప్పు తెచ్చినా రెడ్, ఇక బయటికే. ఈ మూడింటిలోనూ 'కావాలని' అన్న మాటే లేదు. రెండు కాళ్లూ చాపి జారినవాడికి మధ్యలో ఆగడం తన చేతిలో ఉండదు. బంతి తగిలిందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.

2017 సెప్టెంబరులో మాంచెస్టర్ సిటీతో ఆడుతూ లివర్‌పూల్ ఆటగాడు సాదియో మానే చూపంతా గాల్లోని బంతి మీదే పెట్టాడు. తలతో ఆడడానికి ముందుకొచ్చిన గోల్‌కీపర్ ఎడర్సన్ ముఖానికి అతని బూటు తగిలింది. నాకైతే దురుద్దేశం కనిపించలేదు. అయినా రెడ్, మూడు మ్యాచ్‌ల నిషేధం. సరైన నిర్ణయమే అంటాను. తల వచ్చే ఎత్తుకు కాలు లేపేవాడు అక్కడికి తల వస్తుందని ఊహించాలి కదా.

అలాగని గాయం పెద్దదైతే చాలు, రెడ్ ఇచ్చేయాలనడం కూడా తప్పే. 2019 నవంబరులో టోటెన్‌హామ్ ఆటగాడు సన్ హ్యుంగ్-మిన్ బంతి లాక్కోవడానికి వెనక నుంచి చేసిన టాకిల్‌కు ఎవర్టన్ ఆటగాడు ఆండ్రే గోమెస్ తూలి, మరొకరిని ఢీకొని పడ్డాడు. చీలమండ విరిగింది. ముందు ఎల్లో అనుకున్న రిఫరీ రెడ్‌కు మారారు. సన్ తల పట్టుకుని ఏడ్చాడు. అప్పీలులో ఆ కార్డు రద్దయింది.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది బ్రెజిల్ ఆటగాడు మార్సెలో సంగతి. 2023 ఆగస్టులో, దక్షిణ అమెరికా క్లబ్బుల టోర్నీ కోపా లిబర్టడోరెస్‌లో ఫ్లుమినెన్సే క్లబ్బు తరఫున బంతితో వెళుతూ అతను వేసిన అడుగు అర్జెంటీనోస్ జూనియర్స్ ఆటగాడు లూసియానో సాంచెజ్ కాలి మీద పడింది. మోకాలి కీలు తప్పింది. బంతి మార్సెలో దగ్గరే ఉంది, అతను ఎవరి మీదికీ దూకలేదు. నడిచే మనిషి అడుగును ఆ మూడు మెట్లలో ఎక్కడ పెడతాం? అయినా రెడ్ చూపారు, కన్నీళ్లతో బయటికి వెళ్లాడు. నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు. కాకపోతే ఆ కాలు అలా వంగడం నాలుగు అడుగుల దూరం నుంచి చూసి ఉంటే, నా చెయ్యి కార్డు కోసం జేబులోకి వెళ్లేది కాదని మాత్రం ఒట్టు వేయలేను.