అడవి రంగును గురించి ఒక యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. 1937లో వచ్చిన ‘గాడ్స్ కంట్రీ అండ్ ది వుమన్’ చిత్రాన్ని గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకు నిజంగా సంతోషించాను. అయితే ఆరు పేజీల వ్యాసంలో నాలుగు పేజీలు కథ చెప్పడానికే సరిపోయాయి. ఒకే అడవి ప్రాంతంలో పోటీపడే రెండు కలప కంపెనీలు. ఒక కంపెనీ యజమాని తమ్ముడు తన పేరు దాచి, రెండో కంపెనీని నడిపే జో బార్టన్ అనే యువతి శిబిరంలో పనికి కుదిరి, ఆమెను ప్రేమించడం. ఈ కథకు రెండు వాక్యాలు చాలు. ఆ చిత్రం బలం కథలో లేదని నీకూ తెలుసు, ఎందుకంటే నీ చివరి పేజీలో ఒక్కచోట, చెట్ల పచ్చదనానికీ ఆకాశానికీ మధ్య కనిపించే తేడాను గురించి రాసినప్పుడు, నీ వాక్యం ఒక్కసారిగా ప్రాణం పోసుకుంది. వ్యాసం అక్కడ మొదలుకావాలి.

ఆ ఆకాశపు నీలం తెర మీదికి ఎక్కడి నుంచి వచ్చిందో పాఠకుడికి చెప్పు. ఈ చిత్రాన్ని తీసిన హాలీవుడ్ సంస్థ వార్నర్ బ్రదర్స్ 1929, 1930 ప్రాంతంలోనే రంగుల చిత్రాలు తీసింది, కానీ అవి రెండు రంగుల పద్ధతిలో తీసినవి. ఎరుపు, ఆకుపచ్చల కలయికతోనే అన్నిటినీ చూపాలి కనుక అసలైన నీలం ఆ పద్ధతికి లొంగలేదు. నాటకశాలలూ నృత్యాలూ చూపడానికి ఆ లోటు అంతగా అడ్డుకాకపోవచ్చు గాని, ఆకాశమూ నీరూ పచ్చని అడవీ ఒకే చట్రంలో ఇమడవలసిన కథకు అది చాలదు. మూడు రంగుల టెక్నికలర్ పద్ధతిలో ఆ సంస్థ తీసిన మొదటి కథాచిత్రం ఇదే. దానికోసం వాషింగ్టన్ రాష్ట్రపు అడవులదాకా వెళ్లి చిత్రీకరించారు. ఏడాది ముందు, 1936లో, పారమౌంట్ సంస్థ ‘ది ట్రెయిల్ ఆఫ్ ది లోన్సమ్ పైన్’ చిత్రంతో ఆ పద్ధతిని ఆరుబయట వాడి చూపింది. ఇంత చెబితే, అడవి కథనే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు నీ పాఠకుడే జవాబు వెతుక్కుంటాడు.

కెమెరాలోకి వచ్చిన వెలుగును పట్టకం చీల్చితే మూడు ఫిల్ములు ఏకకాలంలో నడిచేవని రాశావు. అది సరే, కానీ తరువాతి దశను వదిలేశావు. ఆ మూడు నెగటివుల నుంచి మూడు అచ్చులు తయారుచేసి, ఒక్కొక్క అచ్చుకు ఒక్కొక్క రంగు పట్టించి, ఒకే ఫిల్ము మీద ఒకదాని తరువాత ఒకటి అద్దేవారు. పెడనలో రంగుకొక చెక్క అచ్చు పెట్టి బట్ట మీద కలంకారీ అద్దకం వేయడాన్ని చూసినవాళ్లకు ఈ పని ఇట్టే అర్థమవుతుంది. ఒక అచ్చు వెంట్రుకవాసి పక్కకు జరిగినా బొమ్మ అంచు చెదిరిపోతుంది. ఆ అద్దకం వల్లనే నాటి ప్రతులలో రంగు దశాబ్దాల తరబడి నిలిచింది. మన తెలుగులో పూర్తి నిడివి రంగుల చిత్రంగా ‘లవకుశ’ వచ్చింది 1963లో, అంటే ఇరవయ్యారేళ్ల తరువాత.

ఇక పోటీ సంగతి. రెండు కంపెనీల వైరాన్ని నువ్వు ఇద్దరు మనుషుల పంతంగా రాశావు. కలప వ్యాపారంలో తగవు చెట్టు దగ్గర కన్నా దారి దగ్గరే ఎక్కువగా పుడుతుందని నా నమ్మకం. మాను కొట్టడం ఒక పని, అంత బరువైన దుంగను కొండ దించి, రైలుకో ఏటికో చేర్చి, కోత మిల్లు దాకా తీసుకుపోవడం దానికి పదింతల పని. ఆ దారి ఎవరి చేతిలో ఉంటే ఎదుటివాడి అడవి కూడా వాళ్ల చేతిలో ఉన్నట్టే. నేను రాజమండ్రిలో పెరిగినవాణ్ణి. గోదావరి మీద తెప్పలు కట్టి మన్యం నుంచి దించిన టేకు దుంగలను గురించి అడితి దగ్గరి పెద్దలు చెప్పుకునే మాటలలో చెట్టు ప్రస్తావన తక్కువ, నీటి మట్టం ప్రస్తావన ఎక్కువ. నువ్వు ఆ చిత్రాన్ని మళ్లీ చూసేటప్పుడు సంభాషణలు వినకుండా ఒక్క దుంగను కళ్లతో వెంబడించు. అది ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి పోతున్నదో, ఎక్కడ ఆగుతున్నదో కాగితం మీద రాసుకో.

వార్నర్ బ్రదర్స్ నటి బెట్టీ డేవిస్ సంగతిని నువ్వు వ్యాసం మొదట్లో పెట్టావు. దాన్ని చివరికి జరుపు, కానీ తీసివేయకు. జో బార్టన్ పాత్రను ఆమె నిరాకరించింది, సంస్థ ఆమెను సస్పెండ్ చేసింది, ఆమె ఇంగ్లండుకు వెళ్లి అక్కడ నటించాలని చూసింది, ఒప్పందం ప్రకారం ఆమె వేరే చోట నటించకూడదని సంస్థ వేసిన కేసును 1936 అక్టోబరులో లండన్ న్యాయస్థానంలో ఓడిపోయింది. పాత్ర బెవర్లీ రాబర్ట్స్‌కు దక్కింది. నువ్వు దీన్ని తారల కబురుగా రాశావు. మగవాళ్ల శిబిరానికి యజమానురాలిగా నిలబడే స్త్రీ కథ తెర మీద తయారవుతున్న రోజుల్లోనే, ఆ వేషం వద్దన్న స్త్రీకి తన పని మీద తనకు హక్కు లేదని తీర్పు వచ్చిందంటే, అది కబురు కాదు. తెర మీది కథకన్నా నాకు ఈ కథ మీదే మనసు ఎక్కువసేపు నిలిచింది. దీనికి ఒక పూర్తి పేజీ ఇవ్వు, విశేషణాలు పెట్టకుండా జరిగినది జరిగిన వరుసలో రాయి.

తిరగరాసిన ప్రతిని పంపేటప్పుడు, దుంగను గురించి నువ్వు రాసుకున్న కాగితాన్ని కూడా జతచెయ్యి. ముందుగా దాన్నే చదువుతాను.