మార్కులు బాగా పెరిగినా ప్రైజు రాలేదు, స్కూల్లో అడగొచ్చా?

మీ అమ్మాయి ఏడో తరగతిలో 52 శాతం నుంచి ఎనిమిదిలో 74కి వచ్చినా, యాన్యువల్ డేలో మొదటి ముగ్గురినే స్టేజి ఎక్కించారని, దీని గురించి అడిగితే బాగుంటుందా అని రాశారు. తప్పకుండా అడగండి. నేను గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను. ప్రైజుల లిస్టు తయారుచేసే పని తరచూ నాకే వచ్చేది.

మా దగ్గర జూన్‌లోనే మార్కులను బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టేవారు. మొదటి సెక్షన్‌కి సీనియర్ టీచర్లు, సాయంత్రం స్టడీ అవర్, అదనంగా టెస్టులు. చివరి సెక్షన్‌లో టీచర్ మధ్యలో మానేస్తే కొత్తవాళ్లు దొరికేదాకా ఆ పీరియడ్ ఖాళీయే. ఏడాది చివర మాత్రం అందరినీ కలిపి ర్యాంకులు తీసేవారు. ప్రైజులన్నీ మొదటి సెక్షన్‌కే వెళ్లేవి. ఆ పిల్లలు కష్టపడలేదని కాదు, చాలా కష్టపడేవారు. కానీ చివరి సెక్షన్ పిల్లలకు మనం ఇవ్వనిది కూడా వాళ్ల తక్కువతనం కిందే లెక్క కట్టేవాళ్లు. అది చూస్తే నాకు చాలా బాధేసేది.

నూరు శాతం హాజరు ప్రైజు నాకు అసలు నచ్చదు. ఆస్తమా ఉన్న పిల్లాడికి, అమ్మ డ్యూటీకి వెళ్తే తమ్ముడిని చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోయే అమ్మాయికి అది ఎప్పటికీ రాదు. ఆ ప్రైజు కోసం జ్వరంతోనే బడికొచ్చిన పిల్లల్ని చూశాను.

చివరికి హెడ్మాస్టర్‌ని ఒప్పించి ప్రగతి బహుమతి ఒకటి పెట్టించాం. పెరిగిన మార్కులనే లెక్కేస్తే 90 దగ్గరున్న పిల్లకి అవకాశం ఉండదు. అందుకని నూటికి ఇంకా ఎంత మిగిలి ఉందో, అందులో ఎంత దాటారో చూసేవాళ్లం. మీ అమ్మాయికి మిగిలింది 48, దాటింది 22, అంటే సుమారు 46 శాతం. 90 నుంచి 95కి వచ్చిన పిల్లది 50 శాతం. ఇద్దరూ పోటీలో ఉన్నట్టే. ఒక్క పరీక్షతో తేల్చకుండా సమ్మేటివ్ పరీక్షల (టర్మ్ చివర పెట్టే పెద్ద పరీక్షల) సగటు తీసుకోవాలి.

పిల్లల పరిస్థితిని కూడా చూసి ప్రతిభను గుర్తించడం కొత్తేమీ కాదు. కేంద్ర ప్రభుత్వం ఏడాదికి 12,000 రూపాయలిచ్చే ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్) స్కాలర్‌షిప్‌కి పరీక్ష నెగ్గడంతో పాటు కుటుంబ ఆదాయ పరిమితి కూడా ఉంది.

అయితే కొత్త ప్రైజు ఒక్కటే పెట్టించి ఊరుకోకండి. కొలత మార్చినంత మాత్రాన పోటీ ఆగదు. 2012లో పదో తరగతికి మార్కులు తీసేసి గ్రేడ్లు పెడితే, పదికి పది గ్రేడ్ పాయింట్లు ఎంతమందికి వచ్చాయో చెబుతూ స్కూళ్ల ఫ్లెక్సీలు వెలిశాయి. చివరికి 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదో తరగతి ర్యాంకుల ప్రకటనలనే నిషేధించింది. కాబట్టి ఏ ప్రైజు దేనికో, ఎలా లెక్కిస్తారో జూన్‌లోనే స్కూలు డైరీలో అచ్చు వేయించమనండి. సెక్షన్లు విడగొడితే ప్రైజులూ సెక్షన్ల వారీగా ఇవ్వమనండి. మీ అమ్మాయి ఒక్కదాని కోసమే అడిగినట్టు కాకుండా, మరో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులను వెంటపెట్టుకుని వెళ్లండి. యాన్యువల్ డే దగ్గరపడేదాకా మాత్రం ఆగకండి, అప్పటికే షీల్డులు ఆర్డర్ ఇచ్చేసి ఉంటారు.