దేవుణ్ణి నమ్మేవాళ్లకు ఓపెన్ మైండ్ ఉండదా? నా ల్యాబ్ పార్ట్‌నర్ గురించి చెప్తాను

మీరు సైన్స్ చదువుతున్నారు, మీకు కొంత దైవభక్తి ఉంది, స్నేహితులేమో "దేవుణ్ణి నమ్మేవాడికి ఓపెన్ మైండ్ ఎక్కడుంటుంది, ముందు అది వదిలెయ్" అంటున్నారు, అది నిజమేనా అని అడిగారు. ఒకప్పుడు నేను అచ్చం మీ స్నేహితుల్లాగే మాట్లాడేవాణ్ణి, అందుకే రాస్తున్నాను.

పంతొమ్మిదేళ్లప్పుడు నాకు నమ్మకం పోయింది. ఒక్కరోజులో కాదు, నెలల తరబడి చదివి, రాత్రిళ్లు నిద్రపట్టక, చాలా బాధపడి వదిలాను. అంత బాధపడి వదిలాను కాబట్టి నా మనసు ఇక ఎప్పటికీ తెరిచే ఉంటుందని, ఇంకా నమ్ముతున్నవాళ్లంతా ఆ బాధ పడటానికి భయపడేవాళ్లని అనుకునేవాణ్ణి. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో నాకు దొరికిన ల్యాబ్ పార్ట్‌నర్ రోజూ ప్రార్థన చేసేవాడు, ప్రయోగం మొదలుపెట్టే ముందు కూడా అర నిమిషం కళ్లు మూసుకునేవాడు. వీడితో పని ఎలా అవుతుందా అనుకున్నాను.

మాకు మిల్లికన్ నూనె చుక్కల ప్రయోగం ఇచ్చారు. చేయనివాళ్ల కోసం రెండు ముక్కల్లో: రెండు లోహపు పలకల మధ్యకి సన్నటి నూనె తుంపర కొట్టి, వోల్టేజీ పెట్టి, ఒక్కో చుక్క పైకి ఎంత వేగంగా పోతోందో, కిందికి ఎంత వేగంగా పడుతోందో మైక్రోస్కోపులో చూస్తూ స్టాప్‌వాచ్‌తో కొలవాలి. దాన్నిబట్టి చుక్క మీద ఎంత విద్యుదావేశం ఉందో లెక్క వస్తుంది. ఆ ఆవేశం ఎప్పుడూ ఒక చిన్న మొత్తానికి రెట్లలోనే ఉంటుంది, రెండింతలో, ఐదింతలో, తొమ్మిదింతలో. ఆ చిన్న మొత్తమే ఎలక్ట్రాన్ ఆవేశం. కళ్లు లాగేసే పని, గంటకు నాలుగు చుక్కలు దొరికితే గొప్ప.

మేం మొత్తం ఇరవై మూడు చుక్కలు కొలిచాం. లెక్కలు నేను చేశాను. పంతొమ్మిది చుక్కలు పుస్తకంలో విలువకు చక్కగా సరిపోయాయి, నాలుగు సరిపోలేదు, వాటి మీద గీత కొట్టేశాను. వాడు నోట్‌బుక్ చూసి "ఆ నాలుగూ ఎందుకు కొట్టేశావురా?" అన్నాడు. వోల్టేజీ ఊగి ఉంటుందన్నాను. "మిగతా పంతొమ్మిదికీ ఊగలేదని చూశావా?" అన్నాడు. చూడలేదు. సరిపోయిన వాటిని ఎవరు చూస్తారు?

ఆ సాయంత్రం ఇద్దరం మొత్తం లెక్క మళ్లీ చేస్తుంటే అసలు విషయం బయటపడింది, దాని ముందు ఆ నాలుగు చుక్కలు చాలా చిన్న సంగతి. మా చుక్కలు చాలావరకు పెద్దవి, ఒక్కోదాని మీద ఎనిమిదో తొమ్మిదో ఎలక్ట్రాన్ల ఆవేశం ఉంది. నేనేం చేశానంటే, వచ్చిన ఆవేశాన్ని పుస్తకంలో విలువతో భాగించి, దగ్గర్లో ఉన్న పూర్ణసంఖ్యకు సర్ది, మళ్లీ ఆ సంఖ్యతోనే భాగించి "ఇదిగో ఎలక్ట్రాన్ ఆవేశం" అని రాశాను. అలా చేస్తే తొమ్మిదికి సర్దిన చుక్క ఎంత తప్పుగా కొలిచినా సరే, జవాబు పుస్తకం విలువకు ఆరు శాతం లోపే వస్తుంది (సర్దేటప్పుడు తేడా అరకు మించదు, తొమ్మిదిలో అర అంటే ఆరు శాతం లోపే)! కళ్లు మూసుకుని స్టాప్‌వాచ్ నొక్కినా వస్తుంది. నా ప్రయోగానికి నన్ను కాదనే అవకాశమే నేను ఇవ్వలేదు, పైగా అది ఔనంటోందని సంబరపడ్డాను. దాన్ని పట్టుకున్నది ప్రార్థన చేసి ల్యాబ్‌కి వచ్చే మనిషి.

(ఇందులో పెద్దవాళ్లకూ మినహాయింపు లేదు. మిల్లికన్ 1913లో ఇచ్చిన విలువ ఇప్పటి విలువకన్నా సుమారు 0.6 శాతం తక్కువ, గాలి స్నిగ్ధతకు (అంటే కదిలే చుక్కను గాలి ఎంత అడ్డుకుంటుందో దానికి) ఆయన వాడిన అంకె తప్పు. తర్వాత కొలిచినవాళ్లు ఒక్కసారిగా సరైన విలువకు రాకుండా కొంచెం కొంచెంగా పైకి జరుగుతూ వచ్చారని, పెద్ద అంకె వస్తే తప్పెక్కడుందా అని వెతికేవారని, మిల్లికన్ అంకెకు దగ్గరగా వస్తే అంతగా వెతికేవారు కాదని భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ 1974లో అమెరికాలోని కాల్టెక్ విద్యార్థులకు చెప్పారు.)

నన్ను ఎక్కువ కుదిపింది ఆ తర్వాత వచ్చిన ఆలోచన. భక్తుల గురించి నా అభిప్రాయం కూడా సరిగ్గా ఇలాంటి లెక్కే. భక్తుడు చెత్త సైన్స్ చేస్తే "చూశారా, నేను చెప్పలేదా" అనేవాణ్ణి. మంచి సైన్స్ చేస్తే "ల్యాబ్‌లోకి వచ్చేటప్పుడు నమ్మకాన్ని గుమ్మం బయట వదిలేస్తాడు" అనేవాణ్ణి. ఏ మనిషి ఎదురైనా దగ్గరి పూర్ణసంఖ్యకు సర్దేయడమే. ఒక నమ్మకాన్ని వదిలేశాను గానీ, నమ్మే పద్ధతి ఏమీ మారలేదు.

చరిత్రలో దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ లెమెట్ర్. బెల్జియం భౌతికశాస్త్రవేత్త, కాథలిక్ ప్రీస్ట్ కూడా. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచే తేల్చాడు. ఐన్‌స్టీన్ ఆ గణితాన్ని తప్పుపట్టలేదు గానీ వ్యాకోచాన్ని ఒప్పుకోలేదు. అంతకుముందు 1917లో ఆయనే, విశ్వం కదలకుండా నిలకడగా ఉంటుందన్న నమ్మకంతో, తన సమీకరణంలో ఒక అదనపు పదం చేర్చాడు. 1929లో గెలాక్సీలు దూరం జరుగుతున్నాయని చూపిన ఖగోళ శాస్త్రవేత్త హబుల్ కొలతలు వచ్చాక, 1931లో ఐన్‌స్టీన్ ఆ పదాన్ని వదిలేశాడు. ఆ విషయంలో ముందే ఒక జవాబు పెట్టుకుని కూర్చున్నది ప్రీస్ట్ కాదు. ఇంకా ముఖ్యం, వ్యాకోచిస్తున్న విశ్వానికి ఒక మొదలుండాలన్న సిద్ధాంతాన్ని 1951లో పోప్ పన్నెండో పయస్ దేవుడి సృష్టికి సాక్ష్యంగా చెప్పినప్పుడు లెమెట్ర్‌కి అది నచ్చలేదు. తన నమ్మకానికి అంత అనుకూలంగా ఉన్న ఫలితాన్ని కూడా అందుకు వాడుకోనివ్వలేదు. అలాగే 1979లో ఫిజిక్స్ నోబెల్ పంచుకున్నవాళ్లలో సలాం భక్తుడైన ముస్లిం, వైన్‌బర్గ్ నాస్తికుడు, ఇద్దరూ విడివిడిగా చేరుకున్నది ఒకే సిద్ధాంతానికి.

అయితే "రెండూ సమానమే, ఎవరి దారి వాళ్లది" అని మాత్రం నేను అనడం లేదు. నమ్మకం ఈ లోకంలో జరిగేదాని గురించి ఏదైనా చెబితే, భూమి వయసనో, రోగం తగ్గుతుందనో, అది కూడా కొలతకు నిలబడాల్సిందే. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు, దాన్ని భక్తి కోసం తగ్గించలేం. గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న సుమారు 1,800 మంది మీద జరిగిన పెద్ద పరిశోధన ఫలితం 2006లో వచ్చింది, ముక్కూమొహం తెలియనివాళ్లు చేసిన ప్రార్థన వల్ల రోగులకు మేలు జరిగినట్టు తేలలేదు. అది నా పార్ట్‌నర్‌కి పంపాను. "నేను ప్రార్థించేది అలాంటి ఫలితం కోసం కాదు" అన్నాడు. "ఇప్పుడు నువ్వు పూర్ణసంఖ్యకు సర్దుతున్నావేమో" అన్నాను. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. మర్నాడు ఫోన్ చేసి, "ఔను, మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను కోరింది అచ్చంగా ఆ ఫలితమే, అప్పుడలా కోరి ఇప్పుడిలా అనడం నిజాయితీ కాదు, దీని గురించి ఆలోచించాలి" అన్నాడు. వాడు ఇప్పటికీ నమ్ముతాడు, నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ ఫోన్ తర్వాత వాడి మనసు మూసుకుపోయిందని అనే ధైర్యం నాకు లేదు.

అందుకే మీ స్నేహితులు అడిగే ప్రశ్న మీకు పనికిరాదని నా అభిప్రాయం. దేవుడున్నాడంటారా లేదంటారా అన్నదాన్నిబట్టి మీ మనసు తెరిచి ఉందో లేదో తెలియదు. మీరు గట్టిగా నమ్మే ఒక మాట తీసుకుని, "ఏం కనిపిస్తే ఇది తప్పని ఒప్పుకుంటాను?" అని నిజంగా కాగితం మీద రాయండి. మనసులో అనుకుంటే చాలదు, మనసు తర్వాత మాట మార్చేస్తుంది. కొన్నిటికి జవాబు రాదు, జీవితానికి అర్థం లాంటివి. వాటిని కొలత తేల్చదు, పర్వాలేదు, కానీ అలాంటివి ఏవో మీకు తెలిసి ఉంటుంది. మీ స్నేహితులనూ వాళ్ల మాట మీద ఇదే రాయమనండి, పోట్లాటకు కాదు, కలిసి కూర్చుని.

నేను డార్విన్ అలవాటు ఒకటి పట్టుకున్నాను. తన అభిప్రాయానికి వ్యతిరేకంగా ఏ విషయం కనిపించినా, అలాంటివే త్వరగా మర్చిపోతామని, వెంటనే రాసిపెట్టుకునేవాణ్ణని ఆయన ఆత్మకథలో చెప్పుకున్నాడు. నా నోట్‌బుక్‌లో "భక్తి మనిషి ఆలోచనను మొద్దుబారుస్తుంది" అని ఒక పేజీ పైన రాసి ఉంది. దాని కింద వ్యతిరేకంగా ఇప్పటికి పదకొండు విషయాలు చేరాయి, మొదటిది ఆ నాలుగు చుక్కల సంగతి.